పనిలేని గాజుబిళ్ల

"చెడిపోయింది" అంటూ లెన్స్‌ని నా బల్ల మీద పెట్టాడు హెల్దుర్.
పెట్టేటప్పుడు అది చెక్కకు తగిలి
టకటకమని మూడుసార్లు మోగింది.
ఆ వణుకు లెన్స్‌ది కాదు.
ఇద్దరం విననట్టే ఊరుకున్నాం.

హాప్సలులో కెమెరాలు బాగుచేసేదాన్ని నేనొక్కదాన్నే.
కిటికీ అవతల అఖాతం,
ఏప్రిల్ కాబట్టి సగం నీళ్లు, సగం మంచు,
నిరుటి రెల్లు ఇంకా నిలబడే ఉంది.

ఫొటోలు చూపించాడు.
తెల్లవారుజామున దీపస్తంభం, పద్నాలుగుసార్లు.
పద్నాలుగింటిలోనూ దానికి రెండేసి అంచులు,
తాగి ఇంటికొచ్చినవాడికి
తలుపు కనిపించినట్టు.

"ట్రైపాడ్ మీదే పెట్టాను.
కింద ఇసుకసంచి వేలాడదీశాను.
వేలితో నొక్కలేదు, తీగతో నొక్కాను.
ఊపిరి కూడా బిగబట్టాను, డెబ్బయ్యెనిమిదేళ్లవాణ్ణి!
అదే చేత్తో పట్టుకు తీస్తే
చక్కగా వస్తోంది.
ఈ చేతులతో!"
అని రెండు చేతులూ ఎత్తి చూపించాడు,
దొంగసరుకు చూపించినట్టు.

కెమెరాకు తగిలించి, స్టాండుకు బిగించి,
మీట సగం నొక్కి చెవి ఆనించాను.
లోపల చీమ గురక పెడుతున్నట్టు సన్నని రొద.

హెల్దుర్, ఇందులో ఒక గాజుబిళ్ల ఉంది.
అయస్కాంతాల మధ్య తేలుతుంటుంది.
నీ చెయ్యి ఎడమకు తూలితే అది కుడికి తూలుతుంది,
నువ్వు కిందికి జారితే అది పైకి లేస్తుంది.
దాని బతుకంతా నీ వణుకును వెతకడమే.
ఇప్పుడు నువ్వు దాన్ని ఇనపకాళ్ల మీద నిలబెట్టావు.
వణుకు లేదు.
లేదంటే అది నమ్మదు.
వెతుకుతుంది, ఇంకా వెతుకుతుంది,
చివరికి తన మోటారు కదలిక తనకే తగిలి
ఇదిగో దొరికిందని దిద్దడం మొదలెడుతుంది.
దిద్దినకొద్దీ కదులుతుంది, కదిలినకొద్దీ దిద్దుతుంది.
పనిలేనివాడు పిల్లి తల గొరిగినట్టు.

కొత్తవాటిలో కొన్ని ట్రైపాడ్‌ని గుర్తుపట్టి వాటంతటవే ఊరుకుంటాయి.
ఇది పాతది. దీనికి ఊరుకోవడం నేర్పలేదు.

అతను చాలాసేపు నవ్వలేదు.
తర్వాత నవ్వాడు.
"మా లేయ్దా" అన్నాడు.
"నేను హాయిగా పడుకునుంటే
నిద్ర పడుతోందా అని లేపి అడిగేది."

మళ్లీ కాసేపటికి,
"ఆరేళ్లయింది, ఎవరూ లేపరు.
అయినా మూడింటికి మెలకువొస్తుంది."

దీనికి నా దగ్గర విడిభాగం లేదు.

లెన్స్ పక్కన మీట చూపించాను, బియ్యపుగింజంత.
పైకుంటే పనిచేస్తుంది, కిందికి నెడితే ఆగుతుంది.
వేలు పెట్టాడు, జారింది.
మళ్లీ పెట్టాడు, పక్కనున్న ఫోకస్ మీట కదిలింది.
నా చెయ్యి బల్ల అంచుదాకా వెళ్లింది.
అక్కడే ఆపాను.
మూడోసారి టిక్కుమంది.
చెవి ఆనించాడు. "పడుకుంది" అన్నాడు.

ఎప్పుడూ పడుకోబెట్టకు, అన్నాను.
బురదనేలల్లో చెక్కబాట మీదికి వెళ్తావుగా,
అక్కడ ఎవరో ఒకరు నడిచొస్తుంటారు.
ట్రైపాడ్ నిలబడుతుంది, దాని కింది పలక నిలబడదు.
గాలి మరీ ఎక్కువైనా అంతే.
అప్పుడు లేపు. నిజంగా పని ఉన్నప్పుడు అది దేవత.

డబ్బులు వద్దన్నాను.
మర్నాడు గుమ్మం దగ్గర కాగితంలో చుట్టిన పొగచేప ఉంది,
ఉప్పు కొంచెం ఎక్కువైంది.

మే నెలలో పదిహేనో ఫొటో తెచ్చాడు.
దీపస్తంభం మీద తుప్పుపట్టిన మేకులు లెక్కపెట్టొచ్చు.
నేను లెక్కపెట్టాను కూడా.
కింది మూలన మాత్రం, నీళ్లలో,
ఒక హంసకు మూడు మెడలున్నాయి.

నేను అడక్కముందే చెప్పాడు:
"అది నేను కాదు.
నీ గాజుబిళ్లా కాదు.
రెండు సెకన్లు తెరిచి ఉంచాను, ఆలోపు దానికి దాహమేసింది."